ముందు ఎర, ఆ తర్వాతే రాడ్

(టెక్సస్‌లో డాలస్ చుట్టుపక్కల ఉండే తెలుగువాళ్ళ కోసం బాస్ చేపల వేట సామాను గురించి చేసిన ప్రసంగం. మాట్లాడినది మాట్లాడినట్టే రాసుకున్నది.)

అందరికీ నమస్కారం. వెనక కూర్చున్నవాళ్ళకి వినబడుతోందా? సరే, మొదలుపెడదాం.

షాపుకెళ్ళిన మనిషి మొదట ఏం చేస్తాడు? రాడ్ల, అంటే గాలపు కర్రల, వరుస ముందు నిలబడి ఒక్కొక్కటీ తీసి గాల్లో ఊపి చూస్తాడు. చేతికి నచ్చింది కొంటాడు. దానికో రీల్, అంటే దారం చుట్టుకునే యంత్రం. ఆ తర్వాత గోడ నిండా వేలాడే ఎరల్లో కంటికి ఇంపుగా ఉన్నవి ఓ అరడజను. తీరా చెరువు దగ్గర విసిరితే ఎర పది గజాలు పోదు. లేదా చేప పడ్డట్టే పడి సగం దూరంలో ఊడిపోతుంది. దాంతో రాడ్‌ని తిడతాడు. పాపం, రాడ్ చేసిన తప్పేమీ లేదండీ, కొన్న వరుస తిరగబడింది. ముందు ఎర చూడాలి, తర్వాత ఆ ఎరకున్న గాలం. ఆ గాలం దిగడానికి ఎంత బలం కావాలో చూసి లైను, అంటే దారం, లైనును చూసి రాడ్, చిట్టచివర రీల్. ఇవాళ ఆ వరుసలోనే పోదాం.

చేప గురించి రెండు ముక్కలు. ఇక్కడ బాస్ అంటే ఎక్కువగా లార్జ్‌మౌత్ బాస్. మన కొర్రమీను తెలుసుగా, నాచులో నక్కి, పైన కప్ప కదిలితే ఒక్క ఉదుటున వచ్చి అందుకునేది? దీని వేట తీరు కూడా అదే. నీళ్ళలో కూలిన చెట్టు, నాచు అంచు, డాక్ కింద నీడ, బండల సందు, అక్కడ కాచుకుని ఉంటుంది. తేడాలు రెండు. కొర్రమీనుకు పదునైన పళ్ళుంటాయి, బాస్ నోరు గరుకు కాగితంలా ఉంటుందంతే. అందుకే దీన్ని కింది పెదవి పట్టుకుని ఎత్తుతారు, లైనుకు స్టీలు తీగ అక్కర్లేదు. రెండోది, బాస్ కొరకదు, పీలుస్తుంది. నోరు ఠక్కున తెరిస్తే నీళ్ళతో పాటు ఎర లోపలికి పోతుంది. నచ్చకపోతే అంతే వేగంగా ఊసేస్తుంది. ఆ మధ్యలో మీ చేతికి తెలిసేది ఒక చిన్న టిక్కుమనే కదలిక. కొర్రమీను మాట వచ్చింది కాబట్టి ఒక హెచ్చరిక: ప్రాణంతో ఉన్న ఆ జాతి చేపల్ని అమెరికాకు తేవడం 2002 నుంచీ నిషేధం, టెక్సస్‌లో దగ్గర పెట్టుకోవడం కూడా నేరమే.

ఎంత పెద్ద చేపకు సిద్ధపడాలి? ప్రపంచ రికార్డు 22 పౌండ్ల 4 ఔన్సులు, 1932లో జార్జియాలో పడింది. 2009లో జపాన్‌లోని బీవా సరస్సులో ఒక్క ఔన్సు కూడా తేడా లేకుండా ఇంకొకటి పడి దాని పక్కన చేరింది. మన టెక్సస్ రికార్డు 18.18 పౌండ్లు, 1992లో లేక్ ఫోర్క్‌లో. ఆ అంకెలు విని సామాను కొనకండి. మనకు పడేవి చాలావరకు ఒకటి నుంచి మూడు పౌండ్లు. సామాను మోటుగా ఉండాల్సి వస్తే అది చేప బరువు వల్ల కాదు, చేప దూరే చోటు వల్ల. లేక్ ఫోర్క్ నీళ్ళలో మునిగిన చెట్ల మోళ్ళు ఎన్నో. మోడు చుట్టూ ఒక చుట్టు తిరిగితే రెండు పౌండ్ల చేప కూడా లైను తెంపేస్తుంది.

ఇక అసలు సంగతి. షాపువాళ్ళు ఎరల్ని కంపెనీని బట్టి సర్దుతారు. మీరు గాలాన్ని బట్టి సర్దుకోండి. బాస్ ఎరలు దాదాపు అన్నీ రెండు బుట్టల్లో పడతాయి.

మొదటి బుట్ట, ఒంటి గాలం. వానపాము లాంటి ప్లాస్టిక్ పురుగు, జిగ్ (సీసం తల అతికించిన గాలం), రబ్బరు కప్ప. గాలం లావు తీగతో చేసి ఉంటుంది. చాలావాటిలో మొన ప్లాస్టిక్ లోపల దాక్కుని ఉంటుంది, నాచులో పుల్లల్లో తగులుకోకుండా. అంటే చేప నోట్లోకి వెళ్ళాక మీరు లాగిన లాగుడుకి ఆ మొన ముందు ప్లాస్టిక్‌ని చీల్చాలి, తర్వాత దవడలో దిగాలి. ఆ బలం ముప్పై గజాల అవతలికి చేరాలంటే రాడ్ గట్టిగా ఉండాలి, లైను సాగకూడదు.

రెండో బుట్ట, మూడు కొనల గాలాలు, ట్రెబుల్ హుక్స్ అంటారే, అవి. క్రాంక్‌బెయిట్ (మూతికి రేకు ఉండి, లాగితే లోతుకు దిగే చేప బొమ్మ), రాట్-ఎల్-ట్రాప్ లాంటి మూతి రేకు లేని ఎరలు, జెర్క్‌బెయిట్ (కుదుపులతో లాగే సన్నటి చేప బొమ్మ), పాపర్ (నీటి మీద తేలుతూ చప్పుడు చేసేది). సన్న తీగ, ఆరు మొనలు, అన్నీ బయటికే. తగిలితే చాలు దిగిపోతాయి. ఇక్కడ కష్టం దించడంలో లేదు, దిగింది ఊడకుండా ఉంచడంలో ఉంది. చేప ఎగిరి తల విదిలించినప్పుడు ఆ ఎర బరువే మీటలా పనిచేసి గాలాన్ని ఊడబెరుకుతుంది. రాడ్ కర్రలా బిగుసుకుని ఉంటే చిన్న రంధ్రం పెద్దదవుతుంది, లేదా సన్న తీగ సాగి తిన్ననైపోతుంది. అందుకే రాడ్ సగం దాకా వంగాలి, లైను కొంచెం సాగాలి.

"పెద్ద చేప తప్పించుకుంది" అనే కథల్లో సగం ఇక్కడే పుడతాయి. మొదటి బుట్ట రాడ్‌కి రెండో బుట్ట ఎర కట్టడమో, దానికి తలకిందులో. తిరిగే రేకులున్న స్పిన్నర్‌బెయిట్ ఒక్కటే నడిమధ్యది: ఒంటి గాలమే కానీ మొన బయటికి ఉంటుంది. దేనితోనైనా సర్దుకుపోతుంది, అందుకే కొత్తవాళ్ళకి మంచిది.

ఇప్పుడు ఈ రాడ్ చూడండి. పిడికి కాస్త పైన చిన్న అక్షరాలున్నాయి. 7 అడుగులు, మీడియం హెవీ, ఫాస్ట్, లైను 12–20 పౌండ్లు (తెగకుండా మోసే బరువు), లూర్, అంటే ఎర, 1/4–1 ఔన్సు. ధర చీటీ కంటే ముందు చదవాల్సింది ఇది. మీడియం హెవీ అన్నది పవర్, అంటే వంచడానికి ఎంత బరువు కావాలి అన్నది. ఫాస్ట్ అన్నది యాక్షన్, అంటే ఎక్కడ వంగుతుంది అన్నది. చాలామంది ఈ రెంటినీ కలిపేస్తారు. ఫాస్ట్ అంటే ఎర దూరంగా పోతుందని కాదు, చివరి మూడోవంతు మాత్రమే వంగుతుందని. మోడరేట్ అంటే నడుం దాకా వంగుతుంది. కొన చివర ఎవరైనా పట్టుకుని లాగితే మీకే కనబడుతుంది. తమ్ముడూ, ఒకసారి పట్టుకో... చూశారా, ఈ ఫాస్ట్ రాడ్ ఇక్కడ ఆగిపోయింది. ఆ ఫైబర్‌గ్లాస్ కలిసిన క్రాంక్‌బెయిట్ రాడ్‌ని పట్టుకో. విల్లులా వచ్చేసింది.

లూర్ బరువు విషయంలో ఒక జాగ్రత్త. 1/4 నుంచి 1 ఔన్సు అని రాసి ఉన్నా, రాడ్ సుఖంగా విసిరేది ఆ మధ్య భాగాన్ని, 3/8 నుంచి 3/4 దాకా. 3/8 ఔన్సు అంటే పదిన్నర గ్రాములు. మరీ తేలికదైతే రాడ్ వంగదు. విసిరే బలం రాడ్ వంపు నుంచి రావాలి, అది రాకపోతే మనం భుజంతో విసురుతాం, ఎర నీళ్ళలో పడకముందే రీల్ మీద దారం పిచ్చుకగూడవుతుంది. ఇంకొకటి, సీసం గుండు బరువు ఒక్కటే లెక్కపెట్టకండి. సెంకో లాంటి 5 అంగుళాల ఉప్పు కలిసిన ప్లాస్టిక్ పురుగు ఏ గుండూ లేకుండానే తొమ్మిది, పది గ్రాములు తూగుతుంది.

కొనేముందు రాడ్ మీది రింగులు ఒక్కొక్కటీ చూడండి. చెవిలో పెట్టుకునే దూది పుల్లను లోపలి అంచు చుట్టూ తిప్పండి. దూది పోగు ఎక్కడైనా తగులుకుంటే అక్కడ చిట్లినట్టే, ఆ రింగు మీ లైనును రోజూ కోస్తుంది. ఇంటికి తెచ్చాక ఎరని ఆ రింగులోకి తగిలించి మోసుకెళ్ళడం వల్లే ఎక్కువ చిట్లుతాయి. దానికి పిడి దగ్గర వేరే చిన్న కొక్కెం ఉంటుంది. ఇక రాడ్లు విరిగేది చేప వల్ల చాలా తక్కువ. కారు తలుపు, ఇంట్లో సీలింగ్ ఫ్యాను, ఈ రెండూ విరగ్గొట్టినన్ని బాస్ ఎప్పుడూ విరగ్గొట్టలేదు. చేప దగ్గరికొచ్చాక రాడ్‌ని ఆకాశంలోకి నిలువుగా ఎత్తేస్తే మాత్రం విరుగుతుంది, ఎందుకంటే భారమంతా సన్నటి కొన మీదే పడుతుంది.

లైను సంగతికొద్దాం. మూడు రకాలు. నైలాన్ మోనో తేలినట్టే ఉంటుంది, సాగుతుంది, చవక. ఫ్లోరోకార్బన్ మునుగుతుంది, తక్కువ సాగుతుంది, నీళ్ళలో తక్కువ కనబడుతుంది, ఎందుకంటే వెలుగుని వంచే గుణంలో అది నైలాన్ కంటే నీటికి దగ్గర. మూడోది బ్రెయిడ్, అల్లిన దారం. అసలు సాగదు, సన్నగా ఉండి ఎక్కువ మోస్తుంది. 50 పౌండ్ల బ్రెయిడ్ లావు సుమారు 12 పౌండ్ల మోనో అంత.

ఇది ఎరతో ఎలా ముడిపడుతుందంటే, నీటి మీద తేలే పాపర్‌కి ఫ్లోరోకార్బన్ కట్టారనుకోండి, దారం మునిగి ఎర ముక్కుని కిందికి లాగుతుంది. ఆ గుబుక్కుమనే చప్పుడు రాదు. దానికి 12 లేదా 15 పౌండ్ల మోనో కట్టండి. నాచు మీద లాగే రబ్బరు కప్పకైతే 50 పౌండ్ల బ్రెయిడ్ తప్ప వేరేది వద్దు, చేపతో పాటు పది కిలోల నాచు కూడా మీరే లాగాలి. అడుగున పాకే పురుగుకీ జిగ్‌కీ 15 పౌండ్ల ఫ్లోరోకార్బన్. క్రాంక్‌బెయిట్‌కి 10 లేదా 12. క్రాంక్‌కి లైను లావయ్యేకొద్దీ నీళ్ళు దాన్ని ఎక్కువగా పట్టుకుంటాయి, ఎర అంత లోతుకి దిగదు.

ముడి బిగించే ముందు ఉమ్మితో తడపండి. ఫ్లోరోకార్బన్‌ని పొడిగా బిగిస్తే రాపిడి వేడికి అక్కడే బలహీనపడుతుంది, కంటికి చిన్న వంకరలా కనబడుతుంది. అలా కనబడితే కోసేసి మళ్ళీ కట్టుకోండి. ఒక్క ముడే నేర్చుకుంటానంటే పాలోమార్ నేర్చుకోండి: దారాన్ని మడిచి గాలం కన్నులోంచి, అంటే దారం కట్టే రంధ్రంలోంచి, దూర్చి, వదులుగా ఒక సాదా ముడి వేసి, ఆ ఉచ్చులోంచి గాలం మొత్తాన్ని దాటించి లాగడమే. బ్రెయిడ్‌ని రీల్‌లో దారం చుట్టుకునే నున్నటి స్పూల్ మీద నేరుగా చుట్టకండి. ముందు ఓ పది గజాల మోనో చుట్టి దానికి ముడేయండి. లేకపోతే దారం కట్టంతా స్పూల్ మీద గిర్రున జారుతుంది, డ్రాగ్ (చేప గట్టిగా లాగినప్పుడు దారం వదిలే బిగింపు) పాడైందనుకుని రీల్ తిరిగిచ్చేస్తారు.

రీల్. రాడ్‌కి కింద వేలాడేది స్పిన్నింగ్, పైన కూర్చునేది బెయిట్‌కాస్టర్. స్పిన్నింగ్‌లో స్పూల్ కదలదు, దారం దాని అంచు మీంచి ఊడి పోతుంది. అందుకే 1/8 ఔన్సు లాంటి తేలిక ఎర కూడా పోతుంది. బెయిట్‌కాస్టర్‌లో ఎర స్పూల్‌ని తిప్పుకుంటూ పోవాలి. మూడున్నర గ్రాముల ఎరకి మామూలు స్పూల్‌ని తిప్పే శక్తి ఎక్కడిది? కాబట్టి 1/4 ఔన్సు కంటే తేలికైతే స్పిన్నింగ్, బరువైతే బెయిట్‌కాస్టర్. మొదటిసారి కొనేవాళ్ళకి 2500 సైజు స్పిన్నింగ్ రీల్, 6 అడుగుల 10 అంగుళాలో 7 అడుగులో ఉన్న మీడియం ఫాస్ట్ రాడ్, 10 పౌండ్ల బ్రెయిడ్, దాని చివర ఓ రెండు గజాల 8 పౌండ్ల ఫ్లోరోకార్బన్. దారాన్ని స్పూల్ అంచుకి మూడు మిల్లీమీటర్లు తక్కువగా నింపండి. ఎక్కువైతే ఉచ్చులుగా ఊడిపడుతుంది, తక్కువైతే దూరం తగ్గుతుంది. విసిరే ముందు స్పూల్ పక్క నుంచి తెరిచే వంపు తీగని, విసిరాక చేత్తో మూయండి, హ్యాండిల్ తిప్పి మూయకండి. ఆ ఒక్క అలవాటుతో సగం మెలికలు పోతాయి.

బెయిట్‌కాస్టర్ కొనేటప్పుడు ఎడమ చేతిదా కుడి చేతిదా చూసుకోండి. స్పిన్నింగ్ రీల్ హ్యాండిల్ ఇటుది అటు మార్చుకోవచ్చు, దీనికి ఆ వీలు లేదు. ఇక గేర్ నిష్పత్తి. 6.3:1 అంటే హ్యాండిల్ ఒక చుట్టుకి స్పూల్ 6.3 చుట్లు, మామూలు స్పూల్ మీద దాదాపు 26 అంగుళాల దారం. 5.4 అయితే 22, 8.1 అయితే 33 దాకా. వేగంగా లాగడానికే పెద్ద నిష్పత్తి అనుకుంటారు. ప్లాస్టిక్ పురుగుని మనం రాడ్‌తో కదుపుతాం, రీల్‌తో కాదు. చేప ఎర పట్టుకుని మన వైపే ఈదుకొచ్చినప్పుడు వదులైన దారాన్ని గబగబా చుట్టుకోవడానికే అక్కడ 7 పైన కావాలి. లోతుకు దిగే క్రాంక్‌బెయిట్‌కి 5 చిల్లర ఎందుకంటే, దాని మూతి రేకు నీటిని బాగా తోస్తుంది. ఎత్తు మీద సైకిల్‌కి చిన్న గేరు వేసుకోమా, అదే లెక్క. ఒక్కటే కొనేవాళ్ళు 7:1కి దగ్గరలో తీసుకోండి. వేగం రీల్‌ని నెమ్మదిగా తిప్పుకోగలం, నెమ్మది రీల్‌ని వేగంగా తిప్పితే మోచెయ్యి పోతుంది.

అందరూ భయపడే బ్యాక్‌లాష్ గురించి చెప్పాలి. ఎర గాల్లో నెమ్మదిస్తుంది, స్పూల్ నెమ్మదించదు, మిగిలిన దారం లోపలే చిక్కుపడుతుంది. సర్దుబాట్లు రెండున్నాయి. హ్యాండిల్ పక్కనుండే చిన్న మర స్పూల్‌ని పక్కల నుంచి నొక్కుతుంది. వాడబోయే ఎర కట్టి, రాడ్ కొన పైకి పెట్టి, స్పూల్‌ని వదులు చేసే బొత్తాం నొక్కి ఎరని వదలండి. ఎర నెమ్మదిగా దిగి, నేల తాకగానే స్పూల్ ఆగిపోవాలి. ఆగకపోతే మర ఇంకొంచెం బిగించండి. ఎర మార్చినప్పుడల్లా ఇది చూసుకోవాలి. అవతలి పక్క బ్రేకు ఉంటుంది, అయస్కాంతంతోనో, తిరుగుడు వేగానికి బయటికి జరిగే చిన్న దిమ్మెలతోనో పనిచేసేది. మొదట్లో దాన్ని పదికి ఎనిమిదిలో పెట్టి, చేయి కుదిరాక ఒక్కో అంకె తగ్గించండి. ఎదురుగాలికి మళ్ళీ పెంచండి. ఎర నీటిని తాకే క్షణానికి బొటనవేలు స్పూల్ మీద ఉండాలి, ఈ పని ఏ బ్రేకూ చేయదు. చిక్కు పడితే గోళ్ళతో పీకకండి. బొటనవేలితో స్పూల్‌ని గట్టిగా నొక్కి హ్యాండిల్ రెండు మూడు చుట్లు తిప్పి, అప్పుడు దారం లాగండి. చాలాసార్లు వచ్చేస్తుంది.

ఇప్పుడు ఏ ఎరలు కొనాలి? ఒక్కటే అంటే ప్లాస్టిక్ పురుగు, టెక్సస్ రిగ్ (రిగ్ అంటే ఎర కట్టే పద్ధతి). పేరులో మన రాష్ట్రమే ఉంది మరి. మెత్తటి ప్లాస్టిక్ పురుగుని నిక్ క్రీమ్ అనే ఆయన 1949లో ఒహాయోలోని ఆక్రన్‌లో తయారుచేశాడు, ఆ కంపెనీ తర్వాత ఇక్కడి టైలర్ ఊరికి వచ్చింది. కట్టేది ఇలా. తూటాలాంటి గుండు, 3/16 లేదా 1/4 ఔన్సు, సన్న వైపు రాడ్ కొనకి ఉండేలా దారంలోకి ఎక్కించండి. మెడ దగ్గర మెట్టులా వంగిన గాలం కట్టండి, ఆరంగుళాల పురుగుకి 3/0 సైజు, ఏడంగుళాలదానికి 4/0. మొనని పురుగు తలలోకి నేరుగా అర సెంటీమీటరు గుచ్చి పక్కకి తీయండి. గాలం కన్ను దాకా లాగి, గాలాన్ని సగం చుట్టు తిప్పండి. ఇప్పుడు గాలాన్ని పురుగు పక్కన ఆనించి, వంపు ఎక్కడికొస్తోందో గోటితో గుర్తు పెట్టి అక్కడ గుచ్చండి. మొన అవతలికి వచ్చాక చర్మంలోకి వెంట్రుకంత దాచండి. పురుగు తిన్నగా వేలాడాలి. వంకరగా ఉంటే గుచ్చిన చోటు తప్పు. అది నీళ్ళలో బొంగరంలా తిరిగి దారమంతా మెలేస్తుంది, చేప ముట్టదు.

విసిరి అడుక్కి దిగనివ్వండి. ఎక్కువ చేపలు దిగుతుండగానే పట్టుకుంటాయి, కాబట్టి దారం మీద కన్నుంచండి. మధ్యలో ఆగినా, పక్కకి జరిగినా అది చేపే. రాడ్ కొన దించి, వదులు చుట్టేసి, అప్పుడు పైకి గట్టిగా లాగండి. వదులు దారం మీద ఎంత లాగినా గాలం దాకా ఏమీ చేరదు.

రెండోది అదే సెంకో రకం పురుగు, గుండు లేకుండా, నడుముకి చిన్న రబ్బరు రింగు వేసి దాని కింద 1/0 గాలం. వాకీ రిగ్ అంటారు. రెండు చివర్లూ ఆడుతూ నెమ్మదిగా దిగుతుంది. స్పిన్నింగ్ సామానుకి ఇంతకంటే సులువైనది లేదు. మూడోది 3/8 ఔన్సు స్పిన్నర్‌బెయిట్, గాలి ఉన్న రోజుకీ, మసక నీళ్ళకీ. నాలుగోది చదరపు మూతి క్రాంక్‌బెయిట్, మూడు నుంచి ఐదడుగుల లోతుకి, మోళ్ళకి కొట్టుకుంటూ పోవడానికి. కొట్టుకుని పక్కకి తుళ్ళినప్పుడే చేప పడుతుంది, అందుకని చెట్లకి దూరంగా విసరకండి. ఐదోది వేసవి పొద్దున్నే రబ్బరు కప్ప. కప్ప మీద నీళ్ళు చిమ్మగానే లాగేస్తారు అందరూ. ఒక క్షణం ఆగి, బరువు చేతికి తెలిశాక లాగండి.

రంగు గురించి గంటలు గంటలు వాదిస్తారు. తేట నీళ్ళకి ముదురాకుపచ్చ, బురద నీళ్ళకి నలుపు నీలం. ఇంతకంటే నేను చెప్పను. రంగు మార్చే ముందు చోటు మార్చండి. అన్నట్టు ఆ సాగే రకం ఎలాజ్‌టెక్ ప్లాస్టిక్‌ని మామూలు ప్లాస్టిక్ పురుగులతో ఒకే డబ్బాలో పెట్టకండి, రెండూ కరిగి ముద్దవుతాయి.

ప్రశ్న అడుగుతున్నారు... పిల్లలకి ఏది కొనాలి అని. మూత ఉన్న బొత్తాం రీల్ కొనండమ్మా. జెబ్కో వాళ్ళది ఇక్కడ ప్రతి షాపులో ఉంటుంది. ఆ పేరు జీరో అవర్ బాంబ్ కంపెనీ అన్న మాటకి పొట్టి రూపం, ఓక్లహామాలో నూనె బావుల సామాను చేసేవాళ్ళు. ఐదున్నర అడుగుల రాడ్ చాలు. గాలం మొన దగ్గర వెనక్కి తిరిగి ఉండే చిన్న ముళ్ళని ప్లయర్‌తో నొక్కేయండి, చేతిలో దిగినా సులువుగా వస్తుంది.

లైసెన్సు? పదిహేడేళ్ళు నిండితే కావాలి. స్టేట్ పార్కు లోపల గట్టు మీంచి పట్టేవాళ్ళకి అక్కర్లేదు. రాష్ట్రమంతా మామూలు నియమం, కనీసం 14 అంగుళాలున్న చేపనే ఉంచుకోవాలి, రోజుకి ఐదు. లేక్ ఫోర్క్‌లో వేరు: 16, 24 అంగుళాల మధ్యవి వదిలేయాలి, 24 దాటింది ఒక్కటే ఉంచుకోవచ్చు. నియమాలు మారుతుంటాయి కాబట్టి వెళ్ళే ముందు టెక్సస్ పార్క్స్ అండ్ వైల్డ్‌లైఫ్ వాళ్ళ సైటు చూడండి. కొలబద్ద వెంట ఉంచుకోండి.

బయట పచ్చిక మీద నాలుగు బెయిట్‌కాస్టర్లు పెట్టాం. గాలాలు తీసేసి వట్టి 3/8 ఔన్సు గుండ్లు కట్టి ఉన్నాయి. ముందు మర సరిచేసుకుని, తర్వాత విసరండి. రండి.